తారు అంచు దిగితే మళ్లీ ఎక్కలేం

సంపాదకుడు గారికి నమస్కారం.

జులైలో మనాలి నుంచి లేహ్‌కు సైకిళ్ల మీద వెళ్లాలని విశాఖలో ఆరుగురం మిత్రులం ఏడాదిగా సెలవులూ డబ్బులూ కూడబెట్టుకుంటున్నాం. గాటా లూప్స్‌లో వరసగా 21 మలుపులు, ఆ తర్వాత 5,300 మీటర్ల ఎత్తు దాటిన తగ్లాంగ్ లా అనే కనుమ. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లకు అది చిన్న విషయం కాదు. అందుకే ఆదివారాలు తెల్లారగట్ల నాలుగింటికి గోపాలపట్నంలో కలుసుకుని, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా వెళ్లి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగుతున్నాం. ఇప్పుడు ఆరుగురిలో ఒకరు లేహ్ రావడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

గుంపుగా తొక్కేటప్పుడు ఒకరి వెనక ఒకరు, చక్రానికీ చక్రానికీ మూరెడు ఎడంలో వెళ్తాం. ముందున్న మనిషి ఎదురుగాలికి అడ్డుగా ఉంటాడు, వెనకవాళ్లకు శ్రమ తగ్గుతుంది. కాసేపటికి అతను పక్కకు తప్పుకుని వెనక్కి వస్తాడు, ఇంకొకరు ముందుకు వెళ్తారు. అయితే మూడో మనిషికీ నాలుగో మనిషికీ రోడ్డు సరిగా కనపడదు. ముందువాడి వీపు, కిందికి చూపించే చెయ్యి, ‘గుంట’, ‘ఇసక’ అనే కేకలే ఆధారం. వాటిని నమ్ముకునే తొక్కుతాం.

ఆ రోజు అందరికన్నా వెనక నేనున్నాను. వెనక నుంచి లారీ హారన్, ఎదురుగా బస్సు. అందరం ఎడమకు జరిగాం. నా ముందున్న మిత్రుడి సైకిల్ తారు మీంచి మట్టిలోకి దిగింది. దిగినందుకు ఏమీ కాలేదు. లారీ దాటాక మళ్లీ తారు ఎక్కబోయాడు. అతనిది 28 మిల్లీమీటర్ల టైరు, అంటే రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. పక్కనే తారు అంచు చిన్న గోడలా నిలబడి ఉంది. ముందు చక్రం ఎక్కలేక, అంచుకు ఒరుసుకుంటూ కొద్ది దూరం పోయింది. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అంతలోనే హ్యాండిల్ అడ్డం తిరిగి, కుడి భుజం మీద తారు మీదికి పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది. వెనకే ఇంకో లారీ వచ్చి ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదు.

పాలక్యాన్లు కట్టుకుని పాత సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దాయన ఆగాడు. భుజం మీది తువ్వాలు తీసి మా వాడి చెయ్యి మెడకు కట్టాడు. “ఏటి బాబూ, ఇక్కడ పడ్డోలు మీరొక్కలేనేటి? వానలొస్తే మా ఊరోలు ఎంతమంది పడతారో” అన్నాడు. ఆ చోటు రాకముందే తను రోజూ దిగిపోయి, సైకిల్ నడిపించుకుంటూ పోతానని చెప్పాడు.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. తర్వాతి ఆదివారం బడి స్కేలు తీసుకెళ్లి ఆ దారిలో తొమ్మిది చోట్ల మట్టి మీంచి తారు అంచు ఎత్తు కొలిచాను. తక్కువలో తక్కువ 7 సెంటీమీటర్లు, ఎక్కువ 16. పదహారు సెంటీమీటర్లంటే మా బడి మెట్టు ఎత్తు.

ఇది ఎలా వస్తుందో రోడ్డు పనులు చూసినవాళ్లందరికీ తెలుసు. కొన్నేళ్లకోసారి పాత తారు మీదే కొత్త పొర వేస్తారు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పక్కనున్న బెర్ము, అంటే తారును ఆనుకుని ఉండే మట్టి అంచు, మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. ఆ మట్టిని కూడా వాన నీరు కోసుకుపోతుంది. ఎదురుగా వచ్చే వాహనానికి దారివ్వడానికి లారీలు సగం కిందికి దిగుతాయి, అంచు ఇంకా కొరుక్కుపోతుంది. పొర వేసినప్పుడే గ్రావెల్ పోసి, రోలర్‌తో తొక్కించి, బెర్మును తారు ఎత్తుకు సమానం చేస్తే సమస్య చాలా వరకు తీరుతుంది. పనిలో అది కూడా భాగమే. కానీ తారు నల్లగా మెరవగానే పని అయిపోయిందనుకుంటున్నారు. ఆ రోడ్డు ఏ శాఖదో ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను తొక్కిన దారులన్నిట్లోనూ, శాఖ ఏదైనా, ఇదే పరిస్థితి చూశాను.

సైకిళ్లవాళ్లు రోడ్డు మధ్యలోకి వస్తున్నారని డ్రైవర్లు మమ్మల్ని తిడుతుంటారు. ఒక్కసారి బండి ఆపి అంచు చూస్తే, ఎందుకొస్తున్నామో వాళ్లకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. పైన సోలార్ కప్పు, అడ్డొచ్చే బండ్లు లేవు. చాలా సంతోషం. మా దారిలో అలాంటిది వేయమని నేను అడగడం లేదు. మేమంటే ఆదివారం వెళ్లి వచ్చేవాళ్లం. ఆ పాల పెద్దాయన, కూరగాయల బుట్టలు కట్టుకుని వచ్చేవాళ్లు, బడి పిల్లలు రోజూ అదే అంచు మీద బతుకుతున్నారు. ఆ మధ్య ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. సైకిల్ వచ్చిన రోజు మా పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. వాళ్లు తొక్కేది కూడా ఇలాంటి రోడ్ల అంచునే.

వర్షాలు ముదరకముందే బెర్ములకు గ్రావెల్ వేయించండి. రోడ్డు మీదికి వంగిన సర్కారు తుమ్మ కంపలు కొట్టించండి, మా పంక్చర్లలో సగం వాటి ముళ్లవే. ఇకపై కొత్త పొర వేసే ప్రతి పనిలోనూ, బెర్ము సమానం చేసేదాకా కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించకూడదన్నది నా ముఖ్యమైన విన్నపం. ఊళ్ల ముందు బండ్ల వేగం తగ్గించే వరస గట్లు, అదే రంబుల్ స్ట్రిప్స్, వేసేటప్పుడు, సైకిల్ పట్టేలా అంచున ఒక అడుగు ఖాళీ వదిలితే మరీ మంచిది.

కొలిచిన తొమ్మిది చోట్లకూ కిలోమీటరు రాళ్ల నంబర్లు రాసుకున్నాను, స్కేలు ఆనించి ఫొటోలు తీశాను. సంబంధిత ఇంజినీరు గారు చూస్తానంటే అన్నీ ఇస్తాను. ఆయన వస్తానంటే సెలవు పెట్టి మరీ వెంట వచ్చి, ప్రతి చోటూ చూపిస్తాను.

– ఒక ఉపాధ్యాయుడు, విశాఖపట్నం