బ్రేకు పైపుకి అతుకు వేయకురా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు రాశావు, అందులో పేజీన్నర పెయింటు రంగు గురించే. చివర్లో ఎక్కడో, "వెనక చక్రం దగ్గర బ్రేకు పైపు కొంచెం చెమ్మగిల్లుతోంది, ఆ ముక్క కోసేసి కొత్తది అతికిస్తాను" అని ఒక్క లైను పడేశావు. పెయింటు సంగతి తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం గానీ, ముందు ఆ లైను సంగతి చూడాలి. అతుకు వద్దు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి చివరి చక్రం దాకా ఇనప పైపులన్నీ పీకేసి కొత్తవి వెయ్.

ఎందుకంటావా? ఆ పైపులన్నీ ఒకేసారి బిగించినవి. అవన్నీ తిన్నది ఒకే బురద, తాగింది ఒకే తడి. ఒకటి చెమ్మగిల్లిందంటే మిగతావి వరసలో నిలబడి ఉన్నట్టే. పల్చటి ఉక్కు రేకుని రెండు చుట్లు చుట్టి, రాగితో అతికి చేసిన గొట్టం అది. బయటి కొలత 3/16 అంగుళం, అంటే 4.76 మిల్లీమీటర్లు. పైపూత పోయాక తుప్పు లోపలికి తినడానికి ఎంతో మందం ఉండదు. పైగా తుప్పు ఎప్పుడూ కనబడే చోట మొదలవదు. క్లిప్పు కింద మట్టీ తడీ చేరతాయే, అక్కడ మొదలవుతుంది. నువ్వు గుడ్డ పెట్టి తుడిచి "బాగానే ఉంది" అనుకున్న పైపుని క్లిప్పు తీసి చూడు, తెలుస్తుంది.

ఇంకో సంగతి. నీదీ నాదీ 1960ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు, ఎంజీబీలు. వీటిలో బ్రేకులకి ఒకే సర్క్యూట్, అంటే ఆయిల్‌కి ఒకటే దారి. తర్వాత వచ్చిన కార్లలో రెండు వేరువేరు సర్క్యూట్లుంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది సగం బరువైనా మోస్తుంది. మనకి ఆ భాగ్యం లేదు. ఎక్కడ పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, పెడల్ నేలకి తగులుతుంది, ఇక చేతి బ్రేకే దిక్కు. గట్టిగా తొక్కినప్పుడు ఆ సన్నటి గొట్టంలో ఒత్తిడి డెబ్భై, ఎనభై బార్లు దాటుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల చిల్లర. అతుకు ముక్క మీద ఎంత భారం పెడుతున్నావో నువ్వే లెక్కేసుకో. కొందరు నీళ్ళ గొట్టాలకి వాడే రింగు జాయింట్లు పెట్టి కానిచ్చేస్తారు. అలాంటి మెకానిక్ దగ్గరికి కారు తీసుకెళ్ళకు, టీ తాగడానికి కూడా వెళ్ళకు.

ఇక ఏ పైపు కొనాలి? స్టెయిన్‌లెస్ మెరుస్తుంది, నీకు నచ్చుతుందని నాకు తెలుసు. కానీ అది మొండిది. వంచడం కష్టం, చివర మూతి విప్పార్చడం ఇంకా కష్టం, బిగించాక జాయింట్ల దగ్గర ఊరుతూ ఉంటుంది. ఒట్టి రాగి మెత్తగానే ఉంటుంది గానీ అదురుడికి గట్టిపడి చిట్లుతుంది. నా ఓటు రాగి, నికెల్ మిశ్రమానికి. తొంభై వంతులు రాగి, పది వంతుల దాకా నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీసు. క్యునిఫర్ అని అమ్ముతారు. వోల్వో వాళ్ళు 1976లోనే కార్లలో ఇది వేయడం మొదలుపెట్టారు. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, మూతి చక్కగా వస్తుంది. ఉక్కు కంటే ఖరీదెక్కువే, అయినా పెయింటు మీద తగలేసే డబ్బులో ఇది ఎంతరా.

పాతవి విప్పడం దగ్గర తొందరపడకు. కారుని స్టాండుల మీద పెట్టి, ఊపి చూసి, అప్పుడు కిందికి దూరు. ఒట్టి జాకీ నమ్మి దూరావంటే నాతో మాట్లాడకు. నట్లకి ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. మామూలు రెంచి పెడితే ఆ చిన్న నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఫ్లేర్ నట్ స్పానర్ అని దొరుకుతుంది, పైపు దూరడానికి ఒక పక్క సందు ఉండి, మిగతా అన్ని పక్కలా పట్టుకుంటుంది. అదే వాడు. అయినా రాకపోతే, పాత పైపు ఎలాగూ పారేసేదే కదా, నట్టు దగ్గరికంటా కోసేసి ఆరు పట్టీల సాకెట్ వేసి తిప్పు. రబ్బరు గొట్టంతో కలిసే చోట ముందు గొట్టం తాలూకు షడ్భుజాన్ని ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, ఉక్కు పైపు నట్టు వదులు చెయ్. ఆ తర్వాతే బ్రాకెట్ దగ్గరి లాక్ నట్టు. గొట్టం మెలి తిరగనివ్వకు.

తీసిన పైపులు పారేయకు. వంకరలతో సహా అవే నీ నమూనా. కొత్త పైపుని పాతదాని పక్కన పెట్టి వంచుకుంటూ పో. సన్నటి మలుపుల దగ్గర చేత్తో వంచితే నొక్కుకుపోతుంది, చిన్న బెండర్ కొనుక్కో. మాస్టర్ సిలిండర్ పక్కన పైపు చుట్టలా తిరిగి ఉంటే, "ఇదెందుకు, దండగ" అని తిన్నగా లాగెయ్యకు. అదురుడంతా మింగడానికే ఆ చుట్ట. సైలెన్సర్ గొట్టానికి దూరంగా, పాత క్లిప్పులున్న ప్రతి చోటా క్లిప్పు వేస్తూ తీసుకెళ్ళు.

అసలు పనితనమంతా పైపు మూతి దగ్గరే ఉంది. పైపుని రంపంతో కాకుండా కట్టర్‌తో కొయ్. లోపలా బయటా గరుకు తీసి, రజను ఊదేసి, నట్టు ముందే ఎక్కించి, అప్పుడు మూతి విప్పార్చే ఫ్లేరింగ్ పనిముట్టుకి పెట్టు. మన కార్లలో మూతులు రెండు రకాలు. బయట మర ఉన్న నట్టుకి ఉబ్బెత్తు మూతి, లోపల మర ఉన్న నట్టుకి లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్. రబ్బరు గొట్టాల దగ్గర రెండో రకం వస్తుంది. అటుదిటు చేస్తే ఎంత బిగించినా కారుతుంది, ఇంకా బిగిస్తే మర పోతుంది. పారేసే ముక్కల మీద చెయ్యి తిరిగేదాకా సాధన చెయ్. మూతి పక్కకి వాలినా, అంచున సన్నటి చీలిక కనబడినా కోసేసి మళ్ళీ మొదలెట్టు. పొడవు కొంచెం మిగుల్చుకో, ఈ తిప్పలకే.

మర గురించి కూడా. మన పాత బ్రిటిష్ కార్లకి 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. జపాన్, జర్మనీ కార్లకి ఎక్కువగా 10 మిల్లీమీటర్ల నట్టు, 1 మిల్లీమీటర్ మర. చూడ్డానికి కవలలు. ఒకదాంట్లో ఇంకోటి ఒకట్రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, అక్కడే మోసం. వేళ్ళతో చివరిదాకా తేలిగ్గా తిరగని నట్టుకి స్పానర్ పెట్టకు.

రబ్బరు గొట్టాలు కూడా మార్చెయ్. అవి మేడిపండు వ్యవహారం. పైన నిగనిగలాడుతూనే లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు ఒత్తిడి వెళ్తుంది గానీ వదిలాక వెనక్కి రాదు, చక్రం పట్టేసి వేడెక్కుతుంది. చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లని నొక్కే కాలిపర్ చెడిందని జనం డబ్బు తగలేస్తారు. మన కారుకి మూడే గొట్టాలు, ముందు రెండు, వెనక ఇరుసుకి ఒకటి. ఉక్కు అల్లిక గొట్టాలు వేస్తే పెడల్ కొంచెం గట్టిగా అనిపిస్తుంది, అంతకు మించి మహిమలేం లేవు. రాగి వాషర్లు మాత్రం కొత్తవే వెయ్.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 అనే రకం చాలు. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తడి పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. గాల్లో తేమని లాక్కునే గుణం దానిది, అందుకే మూత తీసి ఎప్పటి నుంచో పడున్న డబ్బా వాడకు. సిలికాన్‌తో చేసే డాట్ 5 వేరే జాతి, దీంతో కలవదు. ఇంకో మాట, నీ ప్రాణమైన పెయింటుని డాట్ 4 తినేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్ళు గుమ్మరించు. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు లోపలి రబ్బరు సీళ్ళకి తగలనివ్వకు, ఉబ్బిపోతాయి.

పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు. పెడల్ తొక్కడానికి మీ ఆవిణ్ణి బతిమాలుకో, కానీ కేకలెయ్యకు, సగంలో లేచి వెళ్ళిపోతే గాలి మళ్ళీ మొదటికొస్తుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టు. పాత మాస్టర్ సిలిండర్లో రోజూ నడిచే మేర నున్నగా ఉంటుంది, అవతల తుప్పు ఉంటుంది. నేలకంటా తొక్కితే సీలు ఆ తుప్పు మీద రాసుకుని చిరుగుతుంది. పైపుల పని అయ్యాక చాలామందికి మాస్టర్ సిలిండర్ పోయేది ఇందుకే. మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండు. ఎంతకీ పెడల్ మెత్తగానే ఉంటే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు ఒకసారి చూడు, చాలాసార్లు అది గాలి కాదు.

అన్నట్టు, ఇందాక పేజీ తిప్పుతుంటే గుర్తొచ్చింది. మన బ్రేకుల మీద లాక్‌హీడ్ అని ఉంటుంది కదా, ఆ పేరు మాల్కమ్ లాక్‌హీడ్‌ది. తమ్ముడు అలన్‌తో కలిసి విమానాలు కట్టినవాడే. నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులతో 1921లో అమ్మకానికొచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ వెనక ఉన్నది ఆయన ఆలోచనే.

అంతా అయ్యాక ప్రతి జాయింటూ ఆరబెట్టి తుడిచి, పెడల్‌ని గట్టిగా కాసేపు తొక్కి పట్టుకోమను. నువ్వు కింద దూరి పొడి కాగితం చుట్టి చూడు. ఏమాత్రం మరక పడినా కారు కదపకు. రోడ్డెక్కే ముందు ఖాళీ చోట నడక వేగంలో ఆపి చూసుకో.

కొత్త నట్లకి ఆర్డరు పెట్టకముందే పాతవి విప్పిన ప్రతి చివరా ఒక ఫొటో తీసి పంపు. ముందు కాలిపర్ల దగ్గరివి మరీ ముఖ్యం, నీకు ముందున్న యజమాని ఎప్పుడైనా ఇంకో ఏడాది కారువి తెచ్చి తగిలించాడేమో చూద్దాం. ఆ రంగు నాకు నచ్చలేదని మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా.

నీ
మూర్తి