రక్షణ మంత్రిగారూ, ఆ కిటికీ గట్టు ఒకసారి తుడిపించండి

అమెరికా రక్షణ మంత్రిగారికి,

నమస్కారం. మా ఆయన మీ సైన్యంలో సార్జెంట్. బేస్ (సైనిక స్థావరం) ఇళ్లలో సీసం దుమ్ము మీద హౌసింగ్ ఆఫీసుకీ, ఆ ఇళ్లు నడిపే కంపెనీకీ ఇంగ్లీషులో ఇప్పటికి పదకొండు ఈమెయిళ్లు రాశాను. ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీకైతే చదివి చెప్పడానికి మనుషులుంటారు. రేపో మాపో పోస్టింగు ఆర్డరు అందుకుని, చంటిపిల్లల్ని ఎత్తుకుని బేస్ ఇంట్లోకి దిగబోయే తెలుగు అమ్మాయిలు దీన్ని నేరుగా చదువుకోవాలని నా ఆశ.

మాకిచ్చింది 1950లలో కట్టిన ఇటుకల ఇల్లు. వాకిట్లో పెద్ద ఓక్ చెట్టు. చూడగానే నచ్చేసింది. 1978కి ముందు కట్టిన ఇళ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి దాని గురించి ఒక చిన్న పుస్తకం ఇవ్వాలని చట్టం. ఇచ్చారు, సంతకం ఎక్కడ పెట్టాలో పసుపు స్టిక్కరు అంటించి మరీ ఇచ్చారు. "ఇన్‌స్పెక్షన్ అయిందండి, పెయింట్ ఎక్కడా పెచ్చులూడలేదు" అన్నారు. ఇన్‌స్పెక్షన్ అంటే గదులన్నీ తిరిగి కంటితో చూసి రావడమేనని తర్వాత తెలిసింది.

వేసవిలో కాకినాడ నుంచి మా అత్తయ్య వచ్చారు. ఆ ఇంటి కిటికీలు పైకి ఎత్తి కిందికి దించే రకం. ఎత్తినప్పుడల్లా చెక్కకి చెక్క రాసుకుంటుంది, మధ్యలో ఎన్నో పొరల పాత పెయింట్ నలుగుతుంది. అత్తయ్య రోజూ గట్టు మీది పొడి చీపురుతో దులిపి, "ఇదేంటమ్మా, పాత గోడ సున్నం రాలినట్టు రాలుతోంది" అనేవారు. నేను పట్టించుకోలేదు. మావాడికి అప్పుడు పద్నాలుగు నెలలు. ఆ గట్టు పట్టుకునే నిలబడటం నేర్చుకున్నాడు. దాని అంచున వాడి ముందు పళ్ల గాట్లు రెండు, పక్కపక్కన. వచ్చీరాని పళ్లతో కొరికాడని మురిసిపోయి నేనే ఫొటో తీశాను.

రక్తపరీక్షలో డెసిలీటరుకు 6.2 మైక్రోగ్రాముల సీసం వచ్చింది. 3.5కి చేరితే చాలు, జాగ్రత్త పడాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. పిల్లాడిలో మాత్రం ఏ తేడా లేదు, ఆడుతున్నాడు, తింటున్నాడు. సీసంతో చిక్కే అది. ఒంట్లోకి వెళ్లి కాల్షియంలా చలామణీ అవుతుంది, ఎముకల్లో చేరి కూర్చుంటుంది, ఎదిగే మెదడు మీద దెబ్బ కొడుతుంది. అది బయటపడేది బళ్లో వేశాక, చదువులో.

మా డబ్బులతోనే మనిషిని పిలిపించి దుమ్ము పరీక్ష చేయించుకున్నాం. ఆయన నేల మీద టేపుతో అడుగు చదరం గీసి, తడి తుడుపు గుడ్డతో అటూ ఇటూ తుడిచి, మడిచి ట్యూబులో పెట్టుకున్నాడు. ఒక్కోచోట రెండు మూడు నిమిషాల పని. చదరపు అడుగుకి నేల మీద 22 మైక్రోగ్రాములు, కిటికీ గట్టు మీద 310 అని ల్యాబ్ రిపోర్టు వచ్చింది.

దుమ్ములో సీసానికి 2001లో పెట్టిన ప్రమాణం నేలకి 40, గట్టుకి 250. ఆ లెక్కన మా నేల పాసు! 2019లో వాటిని 10కి, 100కి తగ్గించారు. 2024 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంకా బిగించింది. ల్యాబ్ లెక్కకి అందినంత సీసం ఉంటే చాలు, అది ప్రమాదమే. శుభ్రం చేశాక నేల 5 కంటే, గట్టు 40 కంటే తక్కువకి రావాలి. ఒక్క గ్రాము సీసం దుమ్ము సమానంగా పరుచుకుంటే రెండు లక్షల చదరపు అడుగుల నేలని ఆ 5కి చేర్చేస్తుంది. కంటితో చూసి పాసు చేసే వ్యవహారమా ఇది?

అంకెల మీద నాకు తగువు లేదు. కానీ పరీక్ష చేయించి తీరాలని ఆ ప్రమాణం ఇంటి ఓనరుని బలవంతం చెయ్యదు. ఎవరైనా కొలిస్తేనే దానికి పని. 1996 చట్టం తర్వాత బేస్ ఇళ్లు దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లాయి. మా ఆయన ఇంటి అలవెన్సు మా చేతికి రాకుండానే కంపెనీకి చేరుతుంది. అద్దె మా అంతట మేమే ఆపి అడిగే దారి కూడా మాకు లేదు. కిరాయిదారుల హక్కుల పత్రం పుణ్యమా అని ఇంటికి ఏడేళ్లలో జరిగిన రిపేర్ల చిట్టా అడగొచ్చు. అడిగాను. గీజరు ఉంది, పైకప్పు లీకు ఉంది. ఎవరూ కొలవని దుమ్ము చిట్టాలో ఎలా ఉంటుంది?

2018లో రాయిటర్స్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టినప్పుడు, 2011-16 మధ్య సైనిక ఆస్పత్రుల లెక్కల్లోనే వెయ్యికి పైగా చిన్నపిల్లలకు సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ కథనంలో వచ్చిన ఫోర్ట్ బెన్నింగ్ అనే బేస్ పేరు 2023లో ఫోర్ట్ మూర్ అయింది, 2025లో మళ్లీ బెన్నింగ్ అయింది. బోర్డులు మార్చడంలో చూపిన చురుకుదనం కిటికీల విషయంలోనూ చూపమంటున్నాను.

1978కి ముందు కట్టిన ప్రతి ఇంట్లో, ఒక కుటుంబం ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు దుమ్ము తుడిచి పరీక్షకి పంపండి. ఆ ల్యాబ్ కాగితం తాళంచెవులకంటే ముందు ఆ తల్లి చేతిలో పెట్టండి. మార్చేటప్పుడు ముందు కిటికీలు మార్చండి, గోడల రంగు తర్వాత చూసుకోవచ్చు. పిల్లాడి రక్తంలో సీసం కనిపిస్తే ఆ కబురు క్లినిక్ నుంచి అదే రోజు హౌసింగ్ ఆఫీసుకి చేరాలి. మా విషయంలో ఆ కాగితం ఒక బిల్డింగు నుంచి పక్క బిల్డింగుకి మోసింది నేనే.

మమ్మల్ని వేరే ఇంటికి మార్చారు. బాబుకి మొన్నటి పరీక్షలో 3.1 వచ్చింది. అత్తయ్య తిరిగి వెళ్లిపోయారు. చీపురుతో దులిపి ఇల్లంతా తనే పరిచానేమోనని ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంటారు.

పోయిన వారం పాత ఇంటి మీదుగా వెళ్లాను. కిటికీలకు కొత్తగా తెల్ల రంగు వేశారు. వాకిట్లో ఓక్ చెట్టు కింద చిన్న మూడు చక్రాల సైకిలు ఉంది. ఇంటి నంబరు మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక సైనికుడి భార్య