పాత కారు, దారిన పోయేవారి ప్రశ్నలు

సంపాదకులకు నమస్కారం.

బజారులో బండి ఆపితే చాలు, ముక్కూమొహం తెలియని వారంతా చుట్టూ చేరి అడిగే ప్రశ్నలకు విసిగిపోయి, దానిని షెడ్డు దాటించడమే మానేశానని ఒక పాత కారు యజమాని గత వారం మీ ఉత్తరాల శీర్షికలో రాశారు. ఆయన బాధ నాకు తెలియనిది కాదు. అయితే అంతటి బండిని నలుగురి కంటా పడకుండా దాచడం మాత్రం నాకు సబబుగా తోచలేదు.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారు 1973లో కొన్న అంబాసిడర్ మార్క్ 2ను ఈనాటికీ వారానికి రెండుసార్లయినా రోడ్డెక్కిస్తాను. పాతపట్నం వైపు వెళ్తే ప్రశ్నలు తెలుగులోను, మోహన వైపు కొండదారి పడితే ఒడియాలోను వస్తాయి. "అమ్మేస్తారేటి బాబూ?" అన్నా, "గాడి బికిబే కి?" అన్నా వారి ఆశ ఒక్కటే. అమ్మనని చెప్పి ఊరుకోకుండా, కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన ఆ రోజుల్లో నాన్నగారు దీనిని ఎలా సంపాదించారో రెండు మాటల్లో చెబుతాను. అది విన్న తరువాత బేరం పెట్టినవారు ఇంతవరకు ఎవరూ లేరు.

కిందటి చలికాలంలో ఒకనాడు పెట్రోలు బంకులో, ఎనభై ఏళ్లకు దగ్గరపడిన ఒక పెద్దాయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. లోపలికి చెయ్యి పెట్టబోయి ఆగి, భుజం మీది తుండుగుడ్డతో అరచేతులు తుడుచుకుని, "ముట్టుకోవచ్చా బాబూ?" అని అడిగారు. నేను దిగి, ఆయనను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను. ఆయన ఎడమ చెయ్యి వెతుక్కోకుండానే స్టీరింగు పక్కనున్న గేరు కాడ మీద పడింది; క్లచ్ తొక్కి, చూపు రోడ్డు మీదనే ఉంచి, నాలుగు గేర్లూ వరసగా వేసి మళ్లీ న్యూట్రల్‌కు తెచ్చారు. ఆ తరువాత ఎడమ కాలితో క్లచ్ పక్కన నేల మీద తడిమి, లైట్లు డిమ్ చేసే గుండీ దొరకగానే నొక్కి, "ఇక్కడే ఉంటాది" అన్నారు. కోరాపుట్‌లో ఒక డాక్టరుగారి దగ్గర ఇరవై రెండేళ్లు ఇదే బండి నడిపారట. అర్ధరాత్రి ఘాటీ దిగుతూ నొప్పులు పడుతున్న గర్భిణులను ఆసుపత్రికి చేర్చిన సంగతులు చెబుతుంటే, బంకు కుర్రవాళ్లు కూడా పని ఆపి విన్నారు. ఆనాడు నాకు తొందర పని ఉండి కిటికీ అద్దం ఎత్తేసి వెళ్లిపోయి ఉంటే, ఆ మాటలు నా చెవిన పడేవి కావు. మన ప్రాంతంలో ఇటువంటి జ్ఞాపకాలు పుస్తకాలకు ఎక్కలేదు. అవి ఈ మనుషుల దగ్గరే ఉన్నాయి, పాత బండి కనబడితే బయటికి వస్తున్నాయి. నౌపడా–గుణుపురం చిన్న రైలు 2004లో ఆగిపోయాక దాని ముచ్చట్లు కూడా మా ఊళ్లో క్రమంగా తగ్గిపోవడం చూశాను కనుక ఈ మాట అంటున్నాను.

తరచుగా అడిగే మిగతా ప్రశ్నలకు జవాబులు చిన్నవే. లీటరుకు నా బండి తొమ్మిది, పది కిలోమీటర్లు ఇస్తుంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయినా, కలకత్తా మల్లిక్ బజార్‌లో ఓపికగా వెతికితే సామాను దొరుకుతోంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కాబట్టి వాటిని మార్పించాను. ఆ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది గనుక నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచను.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం, "పదిహేనేళ్లు దాటిన బండి తిప్పకూడదు కదా, మీరెలా తిప్పుతున్నారు?" అన్న ప్రశ్న. అడిగేవారిలో చదువుకున్నవారూ ఉన్నారు, ఒకసారి తనిఖీలో ఆపిన ఉద్యోగి కూడా ఉన్నారు. పదిహేనేళ్లు నిండిన పెట్రోలు బండ్లను, పదేళ్లు నిండిన డీజిలు బండ్లను తిప్పకూడదన్న కోర్టు ఆదేశాలు ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, రుసుము కట్టి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. నా దగ్గర ఆ కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఈ సంగతి తెలియక, చక్కగా నడుస్తున్న తాతల నాటి బండ్లను తుక్కు కింద తూకానికి అమ్మేసుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కలే రెండు ఉన్నాయి. ఆ ఇళ్ల ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక యాభై ఏళ్లు నిండి, అసలు రూపం చెడని బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021లో వచ్చింది. దానికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నా బండికి ఆ అర్హత ఉన్నా నేను ఆ దారి పట్టలేదు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తీయకూడదు. పనికి తిరగడానికే నాన్నగారు దీనిని కొన్నారు, అలాగే తిరగాలని నా కోరిక.

చూడవచ్చేవారికి కూడా ఒక మనవి. ఒక పెళ్లి దగ్గర ఎవరో కుర్రవాడు ఫొటో కోసం బానెట్ మీదికెక్కి కూర్చుంటే, అతని ప్యాంటు రివెట్టు గీసుకుని జానెడు పొడవున రంగు లేచిపోయింది. అదే రంగు కలపగలిగిన మేస్త్రీ కోసం నేను బరంపురం దాకా వెళ్లి నాలుగు రోజులు ఉండవలసి వచ్చింది. అడిగితే నేనే తలుపు తీసి కూర్చోబెడతాను, పిల్లలను హారను కూడా మోగించనిస్తాను. బండిని రాత్రిపూట ఎక్కడ పెడతారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అన్న ప్రశ్నలకు మాత్రం నేను బదులివ్వను, తోటి యజమానులు కూడా ఇవ్వవద్దు.

సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగువారికి రవాణా కార్యాలయపు కాగితాలన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో అందుతాయి. నిబంధనలు తెలుసుకోవడానికి చాలామందికి మీ పత్రికే ఆధారం. కనుక రిజిస్ట్రేషన్ పొడిగింపు పద్ధతిని, కట్టవలసిన రుసుములను, కావలసిన పత్రాలను రవాణా అధికారులతో సరిచూసి, మా జిల్లాల పేజీలో సులభమైన తెలుగులో ఒకసారి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ కత్తిరింపును నా బండి కాగితాలతో పాటే ఉంచుకుని, అడిగినవారికి చూపిస్తాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా