వీఆర్ ల్యాబ్ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శుక్రవారం పదో తరగతికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ల, అంటే కళ్లకు పెట్టుకుంటే ఇంకో చోట ఉన్నట్టు చూపించే పరికరాల డెమో అయినప్పటి నుంచీ మీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: మన స్కూల్లో వీఆర్ ల్యాబ్ ఎప్పుడు పెడతారని. ఈ ఏడాది పెట్టడం లేదు. ఆ డబ్బుతో మైక్రోస్కోపులు కొంటున్నాం.

ఆ డెమోలో గుండె లోపల తిరిగొచ్చామని పిల్లలు సంబరపడిన మాట నిజమే. కానీ సోమవారం టీచరు గుండె కవాటాలు ఏం చేస్తాయని అడిగితే చెప్పగలిగినవాళ్లు కొద్దిమందే. డెన్మార్క్, అమెరికా పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాగే తేలింది. ఒకే ల్యాబ్ పాఠం హెడ్‌సెట్‌తో చేసినవాళ్లకు నిజంగా అక్కడే ఉన్నట్టు అనిపించింది. ఎక్కువ నేర్చుకున్నది మాత్రం మామూలు కంప్యూటర్ మీద చేసినవాళ్లు.

తెర మీద సైన్స్ రాదని నేను అనడం లేదు. పిల్లల చేత ఆలోచన చేయించే తెర కావాలి. ఫోల్డిట్ అనే ఆన్‌లైన్ ఆటలో ప్రొటీన్ల బొమ్మలను తెర మీద సరైన ఆకారంలోకి మడవాలి, ఒకరి ప్రయత్నాన్ని ఇంకొకరు మెరుగుపరచాలి. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్ ఎంజైము ఆకారం ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలకు అంతుపట్టలేదు. దానికి దారి చూపింది ఈ ఆటగాళ్లే, అదీ మూడు వారాల్లో! 2011లో ఆ ఫలితం అచ్చయింది. నలుగురూ కలిసి నేర్చుకోవడమంటే నాకు అది. మన పిల్లల గ్రూపుల్లో రాత్రి పదకొండింటికి తిరుగుతున్నవి మాత్రం కాపీ కొట్టడానికి ల్యాబ్ రికార్డుల ఫోటోలు. బోలెడు రికార్డుల్లో ఒకే అంకె, ఒకే తప్పు. దయచేసి పది దాటాక ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి. ఈ మాట జూన్ నుంచీ చెబుతూనే ఉన్నాను.

తొమ్మిది బి అమ్మాయిలిద్దరి గురించి చెప్పకుండా ఉండలేను. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఫెట్ అనే సైన్స్ సిమ్యులేషన్‌లో (తెర మీద చేసే నమూనా ప్రయోగంలో) లోలకం ఊపారు, తర్వాత దారానికి నట్టు కట్టి ల్యాబ్‌లో ఊపారు. రెండింటి లెక్క కుదరలేదు. లంచ్ మానేసి మళ్లీ మళ్లీ కొలిచారు. పొడవును నట్టు పైఅంచు దాకా కాదు, మధ్య దాకా కొలవాలని వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు! టీచరు ఒక్క ముక్క కూడా అందించలేదు. ఆ రికార్డు పేజీని నోటీసు బోర్డులో పెట్టాం, వచ్చినప్పుడు తప్పక చూడండి.

రెండో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు. వాన సెలవు కలెక్టర్ ప్రకటించగానే మెసేజ్ వస్తుంది, తెల్లవారకముందే ఆఫీసుకు ఫోన్లు చేయవద్దు. కోట్టూర్‌పురం పెరియార్ సైన్స్ సెంటర్ ట్రిప్ అనుమతి పత్రాలు బుధవారంలోగా పంపండి. ఆ రోజు పిల్లలకు ఫోన్ ఇవ్వకండి, నోటుబుక్కు, పెన్సిలు చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, చెన్నై