లుసిన్ అమారా గురించి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

“ఆపెరాలో హీరోయిన్‌కి సాయంత్రానికి గొంతు పట్టేస్తే ఆట ఆపేస్తారా?” అని అడిగావు కదా. ఆపరు. పాటలతోనే నడిచే ఆ నాటకాన్ని ఎందుకు ఆపరో చెప్పాలంటే లుసిన్ అమారా అనే ఆపెరా గాయని గురించి చెప్పాలి, అది ఫోన్లో తెమిలేది కాదు.

ఆవిడ అమెరికాలో పుట్టిన ఆర్మేనియన్. అసలు ఇంటిపేరు ఆర్మగానియన్. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరిని చెప్తాయి, వాళ్ల ఇంటిపేరు చివరి ‘యన్’ వంశాన్ని చెప్తుంది. లుసిన్ అంటే వాళ్ల భాషలో చంద్రుడు. కుదించుకున్న ఇంటిపేరేమో మన చెవికి ‘అమర’ అని పడుతుంది! 1925లో హార్ట్‌ఫర్డ్‌లో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగి, అక్కడి ఆపెరా కోరస్‌లో, అంటే బృందగానంలో పాడి, 1950 నవంబరు 6న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో మొదటిసారి పాడింది. ఆ రోజు జనానికి మాత్రం కనపడలేదు. వెర్డి అనే ఇటాలియన్ స్వరకర్త రాసిన ‘డాన్ కార్లో’ ఆపెరాలో మతద్రోహులని తగలబెట్టే ఘట్టం చివర ఆకాశం నుంచి ఒక గొంతు వినపడుతుంది, ఆ గొంతే ఆవిడ పాత్ర.

చిన్న పాత్రే కదా అనుకోకు. తెర వెనక 17 మీటర్ల దూరం నుంచి పాడితే శబ్దం ముందుకి రావడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. వాద్యబృందం ఆవిడకి వినపడటమూ ఆలస్యమే. చెవిని నమ్మి పాడిందా, హాల్లో తాళం వెనకబడుతుంది. అందుకని వెనక ఒక సహాయకుడు వాద్యబృందాన్ని నడిపించే అసలు కండక్టర్‌ని చూస్తూ తాళం వేస్తాడు. ఈవిడ చెవి మూసుకున్నట్టే ఉండి ఆ చేతిని చూస్తూ వెంట్రుకవాసి ముందుగా ఎత్తుకోవాలి.

అలా మొదలై 1991 దాకా అదే సంస్థలో 748 సార్లు పాడింది. పాత్రలేమో మిమీ, మికేలా, నెడ్డా, ఆయిదా, అంటోనియా, పమీనా... 1957లో ‘యూజీన్ వన్యేగిన్’ అనే రష్యన్ ఆపెరాని ఇంగ్లీషులో ఆడితే నాయిక తత్యానా ఆవిడే. అయినా ఆ రోజుల పెద్ద తారల పేర్లు చెప్పమంటే ఈ పేరు వెంటనే ఎవరి నోటా రాదు. ఒక కారణం నువ్వడిగిన ప్రశ్నలోనే ఉంది. ఎవరికో ఒంట్లో బాగాలేదనగానే గుర్తొచ్చే గొంతు ఆవిడది.

ఇలా సిద్ధంగా ఉండేవాళ్లని ‘కవర్’ అంటారు. పాట కంఠతా రావడం అందులో సగమే. రిహార్సల్ గదిలో నేలమీద టేపు అతికించి, ఎక్కడ మెట్లో ఎక్కడ తలుపో గుర్తులు పెట్టి నడకలు నేర్పిస్తారు. అసలు సెట్టు మీద కాలు పెట్టేది ఒక్కోసారి ఆ రాత్రే! ఆట రోజు ఫోన్‌కి అందాలి, థియేటర్‌కి దగ్గర్లోనే ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువగా కొంప ముంచేది ‘కట్లు’, అంటే ఆడకుండా వదిలేసే భాగాలు. ఒకే ఆపెరాలో ఒక థియేటర్ వాళ్లు ఇరవై బార్లు (తాళం ఆవృత్తాల్లాంటివి) ఎగ్గొడతారు, ఇంకోళ్లు మొత్తం వాయిస్తారు. వేరేచోట నేర్చుకున్న గొంతు అలవాటుకొద్దీ ఎత్తుకుంటే, అప్పటికి వాద్యాలు తర్వాతి పేజీలో ఉంటాయి. అందుకే పిలుపు రాగానే ముందు స్కోరు, అంటే స్వరాలు రాసిన పుస్తకం తీసి కట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి, బట్టల సంగతి తర్వాత. వేదిక ముందు గూట్లో ప్రాంప్టర్ కూర్చుని మాట ముందుగా అందిస్తాడు గానీ, తప్పిన తాళాన్ని ఆయన ఎంతవరకు కాస్తాడు?

ఇంకో సంగతి. మన కచేరీలో గాయని తన గొంతుని బట్టి ఐదో, ఐదున్నరో శ్రుతి పెట్టుకుంటుంది. ఇక్కడ అది కుదరదు. వెర్డి ‘ఆయిదా’ ఆపెరా మూడో అంకంలో నైలు ఒడ్డున పాడే పాటలో వాళ్లు హై సి అనే పైస్వరం ఉంది, సుమారు 1046 హెర్ట్జ్. మైకు లేదు. పైగా ‘మృదువుగా’ అని వెర్డి రాసిపెట్టాడు. అంతకుముందు అంకంలోనేమో విజయోత్సవం, కోరస్ మీదా బాకాల మీదా గొంతెత్తి పాడి వచ్చి ఉంటుంది. అదే ఒత్తిడితో ఊపిరి తోసిందంటే స్వరపేటిక పైకి లేస్తుంది, స్వరం పగులుతుంది, లేదా శ్రుతి పైకి జారుతుంది. అంత పైన ‘ఇ’ని ‘ఇ’గానే పలకబోతే గొంతు పిసికినట్టుంటుంది. దవడ దించి ‘ఆ’ వైపు లాగాలి. ఆపెరాలో పైస్వరాల దగ్గర మాటలు అర్థం కావని విసుక్కుంటావే, అందుకే.

ఆవిడ పనితనం నాకు బాగా కనపడేది ‘పల్యాచ్చి’ అనే ఆపెరాలో నాయిక నెడ్డా పాత్రలో. గంటంబావు ఆపెరానే, కానీ నాలుగు రకాల గొంతు అడుగుతుంది. మొదట పిట్టల పాట, ఈక తేలినట్టుండాలి. తర్వాత ప్రియుడితో యుగళం, అక్కడ గొంతు సాగాలి. ఆపై నాటకంలో నాటకం, కొలంబీనా వేషంలో హాస్యంగా చిటికెలేసినట్టు. చివర్లో మొగుడి మీద తిరగబడటం, మొత్తం వాద్యబృందం మీదుగా. పిట్టల పాటలోనే బరువంతా చూపించినవాళ్లకి చివరికి ఏమీ మిగలదు. అమారా దాచుకుంటుంది. పిసినారితనంలా వినిపిస్తుంది గానీ చివరి పది నిమిషాల్లో ఎందుకు దాచిందో తెలుస్తుంది.

1970ల్లో వయసు సాకుతో తనని పక్కనపెట్టి చిన్నవాళ్లకి పాత్రలిస్తున్నారని న్యూయార్క్ రాష్ట్ర మానవహక్కుల విభాగానికి ఫిర్యాదు చేసి గెలిచింది. మళ్లీ అదే వేదికెక్కి పాడింది కూడా. 2024 సెప్టెంబరులో పోయింది, 99 ఏళ్లు.

వినాలంటే ముందు 1960 ‘పల్యాచ్చి’, గాయకుడు కొరెల్లితో పాడినది పెట్టు. తర్వాత ఇంకో గాయకుడు టక్కర్‌తో 1951లో పాడినది. రెండింట్లోనూ పిట్టల పాటే విను ముందు, వయసు తేడా తెలుస్తుంది. 1956లో బీచమ్ అనే కండక్టర్ రికార్డు చేసిన ‘లా బొహేమ్’ ఆపెరాలో ముజెట్టా పాత్ర ఈవిడే. రెండో అంకంలో ముజెట్టా పాడే వాల్ట్జ్ పాట దగ్గర సౌండు కాస్త తగ్గించు, పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

ఉంటా మరి,
నీ
రవి