రెండు విడి టికెట్లను ఒకే ప్రయాణమని అమ్మినందుకు ఫిర్యాదు

మహబూబ్‌నగర్,
2024 డిసెంబరు 9.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నవంబరు 21న ముంబైలో మా అమ్మానాన్నలకు లండన్ విమానం అందకపోవడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

లండన్‌లో ఉన్న మా చెల్లెలి కాన్పు కోసం అమ్మానాన్నలను పంపడానికి సెప్టెంబరులో మీ ట్రావెల్ బుకింగ్ యాప్‌లో రానుపోను టికెట్లు కొన్నాను. ఇద్దరికీ కలిపి 1,52,300 రూపాయలు కట్టాను. ముంబైలో వాళ్లకు రెండో విమానం అందలేదు. ఆ రోజు నుంచి మీ కస్టమర్ కేర్‌కు తొమ్మిది సార్లు ఫోన్ చేశాను, తొమ్మిది సార్లూ ఒకటే జవాబు: "అవి విడి టికెట్లు సార్, మాకు సంబంధం లేదు." విడి టికెట్లన్న సంగతి అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదన్నదే నా ఫిర్యాదు.

మీ యాప్‌లో హైదరాబాద్ నుంచి లండన్‌కు ఒకే గీత ఉంది. మధ్యలో ముంబై దగ్గర ఒక చుక్క, దాని కింద "ఒక స్టాప్, 3 గంటల 15 నిమిషాలు" అని ఉంది. ధర ఒక్కటే, పేమెంట్ ఒక్కటే, మీరిచ్చిన బుకింగ్ నంబరూ ఒక్కటే. చూసినవాళ్లెవరైనా కనెక్షన్ విమానమనే అనుకుంటారు. డబ్బు కట్టాక వచ్చిన మెయిల్‌లో మాత్రం మొదటి పేజీలో ఒక పీఎన్ఆర్, మూడో పేజీలో ఇంకో పీఎన్ఆర్ ఉన్నాయి. ఆ మూడో పేజీ అడుగున బూడిద రంగు చిన్న అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని రాసి ఉంది. ఆ రెండు మాటల్లో ఎంత ఉందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు బాగా తెలిసింది: విమానం మారే పూచీ అంతా ప్రయాణికుడిదేనట.

ఒకే టికెట్ మీద రెండు విమానాలు ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ ఎయిర్‌లైన్‌ది. మామూలుగా సామాను కూడా చివరి ఊరిదాకా వాళ్లే చేరుస్తారు. విడి టికెట్లయితే మొదటి ఎయిర్‌లైన్ పని ముంబైలో దించేయడంతో అయిపోతుంది. ప్రయాణికుడే సామాను తీసుకుని, బయటికి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చెకిన్ చేసుకోవాలి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో కూడా కనెక్షన్ తప్పినవారి నష్టపరిహారం గురించి చెప్పేచోట "ఒకే టికెట్ నంబరు" అన్న షరతు ఉంది. ఇంత తేడా ఉన్న రెండు సరుకులను మీరు ఒకే అట్టపెట్టెలో పెట్టి అమ్మారు.

ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి మహబూబ్‌నగర్‌లో బయల్దేరి, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరాం. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. మీ యాప్‌లో లండన్‌కు మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు అని చూసి సామాను సర్దాం. కౌంటర్‌లో, ఇది దేశీయ టికెట్, మనిషికి 15 కిలోలే అన్నారు. ఇద్దరి సామాను 41 కిలోలు ఉంది. బాలింతకు పెట్టే కారప్పొడులు, మినుప లడ్డూలు తీసి పారేయమని అమ్మకు ఎట్లా చెప్పను? 11 కిలోలకు 6,050 రూపాయలు కట్టాను.

8:25కు లేవాల్సిన విమానం 9:30కి లేచింది. ముంబైలో దిగేసరికి 11 గంటలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకే బుకింగ్‌లో వీల్‌చైర్ అడిగాను. అది మొదటి టికెట్‌కే నమోదైందని అక్కడ తేలింది. బెల్టు మీద బ్యాగులు వచ్చేసరికి 11:35. బెల్టు మీద గుర్తుపట్టడానికి అమ్మ రెండు బ్యాగుల పిడికీ తన పాత ఎర్రచీర అంచు చింపి కట్టింది. అవి కనబడగానే ఇక గండం గట్టెక్కిందనుకున్నారట. వీల్‌చైర్ తోసిన అబ్బాయి టెర్మినల్ 1 గుమ్మం దాకా వచ్చి, ఇక్కడితో అయిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు. లండన్ విమానం టెర్మినల్ 2 నుంచి. రెంటి మధ్య రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు. మీ యాప్‌లో ఆ చుక్క దగ్గర ఈ సంగతి ఎక్కడా లేదు.

టాక్సీలో ట్రాఫిక్ దాటుకుని, గేటు దగ్గర టికెట్లు చూపించి, కౌంటర్ చేరేసరికి 12:25. విమానం 1:10కి. గంట ముందే, 12:10కే చెకిన్ మూసేశారు. అమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, కౌంటర్ బంద్ చేసిన్రంట, మేం ఇప్పుడు యాడికి పోవాలె?" అంది. ఆమెకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. నాన్నకు వచ్చిన కొద్దిపాటి హిందీతోనే అక్కడ బతిమాలారు. రెండో ఎయిర్‌లైన్ వాళ్లు మొదటివాళ్లను అడగమన్నారు, మొదటివాళ్లు మిమ్మల్ని అడగమన్నారు. మీ చాట్‌లో మాత్రం "నో షో, వాపసు లేదు" అని వచ్చింది. మూడు గంటలకు పైగా ఎయిర్‌పోర్టుల్లోనే తిరిగిన మనుషులను రానివాళ్ల కింద రాసుకున్నారు.

మా పాలమూరువాళ్లకు ముంబై కొత్త కాదు. నారాయణపేట, కోస్గి వైపు నుంచి తరాలుగా కూలికి అక్కడికి పోతూనే ఉన్నారు. అట్లా పోయి మేస్త్రీ పని చేసుకుంటున్న మా మేనత్త కొడుకు పని ఆపేసి వచ్చి, అమ్మానాన్నలను తన ఒక్క గది ఇంటికి తీసుకుపోయాడు. ఆయన లేకపోతే ఆ రాత్రి వాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇంకో సంగతి మరునాడు తెలిసింది. పోయేటప్పుడు ఎక్కలేదు కాబట్టి, అదే టికెట్ మీద ఉన్న లండన్ – ముంబై తిరుగు ప్రయాణం కూడా రద్దయిందట. కొత్తగా పోవడానికి మాత్రమే ఇద్దరికి 1,16,800 రూపాయలు అప్పు తెచ్చి కట్టాను. వాళ్లు 26న చేరారు. చెల్లెలికి 24 రాత్రే పాప పుట్టింది. నొప్పులు పడుతున్న కూతురి పక్కన ఉండాలనే అమ్మ ఆ మోకాళ్లతో బయల్దేరింది.

ఇక మీరు తప్పుకోవడానికి లేని కొన్ని విషయాలు. ముఖ్యమైన సమాచారాన్ని స్క్రీన్ మీద మరుగున పెట్టడం, అడగని సేవను బిల్లులో కలపడం వినియోగదారుణ్ని మోసపుచ్చే పద్ధతులని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మీరు రెండూ చేశారు. నేను టిక్ పెట్టకుండానే "ట్రిప్ ప్రొటెక్షన్" పేరుతో మనిషికి 649 రూపాయలు కలిపారు. క్లెయిమ్ పెడితే, విడి టికెట్లకు వర్తించదన్నారు. విడి టికెట్లతో పాటు మీరే అమ్మిన ప్రొటెక్షన్ అది. నో షో అయినా ఎయిర్‌పోర్టు ఫీజులు, ప్రభుత్వ పన్నులు వెనక్కి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. అవి కూడా నాకు రాలేదు.

కొత్త టికెట్ల 1,16,800, అదనపు సామానుకు కట్టిన 6,050, ప్రొటెక్షన్ పేరుతో తీసుకున్న 1,298 మీరు చెల్లించాలి. ఫిబ్రవరిలో అమ్మానాన్నలు తిరిగి రావడానికి లండన్ నుంచి హైదరాబాద్‌కు ఒకే పీఎన్ఆర్ మీద టికెట్లు ఇవ్వాలి. విడి టికెట్లు కలిపి అమ్మే ప్రతిచోటా, డబ్బు కట్టే ముందే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా ఆ సంగతి రాయాలి: సామాను మీరే తీసుకోవాలి, టెర్మినల్ మారాలి, మొదటిది ఆలస్యమైతే రెండోదానికి పూచీ లేదు. ఈ మాట ముందే కనబడి ఉంటే ఇంకో పదివేలు ఎక్కువైనా ఒకే టికెట్ కొనేవాణ్ని, లేదా ఒక రోజు ముందే వాళ్లను ముంబై పంపేవాణ్ని.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. యాప్ స్క్రీన్ ఫొటోలు, రెండు పీఎన్ఆర్‌ల మెయిల్, బ్యాగు ట్యాగులు, టాక్సీ రసీదు, చాట్ కాపీ జతచేశాను. జవాబు ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
టికెట్లు కొన్న వినియోగదారుడు,
మహబూబ్‌నగర్.