నాన్న పేరు సరిచేయించిన అందరికీ

మిలట్రీ కాగితాల్లో మా నాన్న పేరు సరయింది. దిద్దిన పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అంటే పెన్షన్ మంజూరు పత్రం) మొన్ననే వచ్చింది. ఇంటిపేరుతో సహా నాన్న పేరు పొల్లు పోకుండా ఉంది. సాయం చేసిన వాళ్లలో కొందరిని కలిసి చెప్పుకున్నాం. కొందరు ‘దానికేముందమ్మా’ అని మాట మార్చేశారు. ఒకాయన ముఖం కూడా మేం చూడలేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాన్న 1968లో సైన్యంలో చేరారు. శ్రీకాకుళం జిల్లాలో మాది చిన్న పల్లె. అప్పటికి నాన్నకు పద్దెనిమిదేళ్లు, హిందీ ముక్క రాదు. భర్తీ రోజున పేరడిగితే చెప్పారు. రాసుకున్నాయనకు మన వైపు పేర్లు కొత్త. సింహాద్రి అప్పన్నను తలుచుకుని పెట్టుకునే ‘అప్పల’ మనకు ఇంటింటా వినబడే పేరు, ఆయన చెవికి మాత్రం ‘అపల్’ అని వినబడింది. ఇంటిపేరు అసలు ఎక్కనే లేదు. ఆ పేరుతోనే నాన్న పదిహేడేళ్లు సర్వీసు చేశారు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో ఉన్నారు, పూర్వీ స్టార్ అందుకున్నారు. ఆ పతకం మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. అక్కడా ‘అపల్’ అనే ఉంది. 1985లో చేతికొచ్చిన డిశ్చార్జ్ బుక్కులోనూ అంతే. పెన్షన్ నెలనెలా బ్యాంకులో పడుతుండేది కాబట్టి ఆ తేడా ఎవరికీ అడ్డు రాలేదు.

మిలట్రీ పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక అడ్డొచ్చింది. ఆధార్‌లో ఒక పేరు, పీపీఓలో ఇంకో పేరు. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయింది. మనిషి ఎదురుగా కూర్చున్నారు, వేలిముద్ర పడుతోంది, అయినా పేరు కలవలేదంటారు. ఒకచోట అడిగితే ఇంకోచోటికి వెళ్లమన్నారు.

అయినా మా అసలు టెన్షన్ ఆ ఏడాది పెన్షన్ గురించి కాదు. మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆవిడ భర్త కూడా మిలట్రీలో చేసినాయనే. ఆయన పోయాక కాగితాల్లో పేరు తేడా బయటపడి, ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆవిడ ఎంత తిరిగిందో మేమంతా చూశాం. ‘ఈ ఇద్దరూ ఒకరే’ అని చెప్పాల్సిన మనిషి లేకుండా పోయాడు, ఏం ఋజువు చూపిస్తుంది? మా అమ్మకు ఆ కష్టం రాకూడదు, నాన్న ఉండగానే ఇది తేలాలి అని గట్టిగా అనుకున్నాను.

మొదటి దండం మా మండలంలోని రిటైర్డ్ సుబేదార్ గారికి. వెళ్లగానే ఆయన నాన్నను సర్వీసు నంబరు అడిగారు. నిద్దట్లో లేపి అడిగినా చెప్తారు మా నాన్న, గడగడా చెప్పేశారు. ‘పేరు ఎన్ని రకాలుగా ఉన్నా నంబరొకటే కదా. దాన్ని పట్టుకునే వెళ్దాం’ అన్నారాయన. దరఖాస్తు తనే కూర్చుని రాశారు. పైన నంబరు, ర్యాంకు, కింద రికార్డులో ఉన్న పేరు, దాని కింద ఉండాల్సిన పేరు. నాలుగు పేజీల గోడు వెళ్లబోసుకుందామని వెళ్లిన నాకు, చదివేవాడికి ఒక్క చూపులో అర్థమయ్యేలా ఎలా రాయాలో ఆ రోజు తెలిసింది.

శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని మేడమ్‌కు ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. కాగితాలు తీసుకుని ముద్ర వేసి పంపించేయొచ్చు. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూసి, ‘అమ్మగారి పేరు ఎలా ఉందో చూశారా?’ అన్నారు. మేం చూడలేదు. అమ్మను ఇంట్లో పిలిచే పేరే అక్కడ ఎక్కి ఉంది, పుట్టిన తేదీ లేదు. పాత పీపీఓలు కొన్నిటిలో భార్య పేరు ఎక్కించే ఉండదట. ‘రెండూ ఒకేసారి పెట్టండి, మళ్లీ తిరగక్కర్లేదు’ అని, జాయింట్ ఫొటో దగ్గర్నుంచి ఏమేం జతచేయాలో కాగితం మీద రాసిచ్చారు. అమ్మ భవిష్యత్తుకు ఆ ఒక్క ప్రశ్న ఎంత మేలు చేసిందో ఆవిడకు తెలియాలి.

పేరుకు పాత ఆధారం కావాలన్నారు. నాన్న చదివింది ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు. ఆ పాత పెంకుటిల్లు ఎప్పుడో పడిపోయింది. హెడ్మాస్టారు ఊరికి కొత్త, మేమెవరమో ఆయనకు తెలియదు. అయినా స్కూలు వదిలాక ఉండిపోయి, స్టోరు గదిలో ఇనప్పెట్టె బయటికి లాగించారు. రిజిస్టర్ల అట్టలు చెదలు తినేసి ఉన్నాయి. పేజీ విరిగిపోకుండా కింద అట్టముక్క పెట్టి మెల్లగా తిప్పుతూ 1956 దాకా వచ్చారు. సిరా గోధుమ రంగుకు తిరిగింది, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. ఇంటిపేరుతో నాన్న పేరు, తండ్రి పేరు గడిలో మా తాతయ్య పేరు, పక్కన పుట్టిన తేదీ. నాన్న ఆ వరస మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు. మాస్టారు నకలు రాసి, సంతకం చేసి, స్టాంపు వేసి ఇచ్చారు. టీ తాగండి మాస్టారూ అంటే, ముందు రిజిస్టరు సర్దనివ్వండి అన్నారు.

అఫిడవిట్ రాసిచ్చిన లాయరు గారు స్టాంపు పేపరు డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు. పేపర్లలో పేరు ప్రకటనలు ఆయనే వేయించారు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ బాబు స్కాన్లు మళ్లీ మళ్లీ తీశాడు, విసుక్కోలేదు. బాబూ, నీకు మంచి ఉద్యోగోన్నతి రావాలి.

ఇక ముఖం చూడని ఆయన. మా దరఖాస్తు వెళ్లింది నాన్న రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు, సర్వీసు కాగితాలన్నీ ఉండేది అక్కడే. అక్కడి నుంచి ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఒక కాగితం మీద సంతకం సరిగా కనబడటం లేదు, ఇంకోటి పంపమని. నాకు హిందీ అందక ఫోను నాన్నకిచ్చాను. అవతల ‘సాబ్’ అని మాట వినబడగానే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కర్ర లేకుండా నడవని మనిషి, మాట్లాడినంతసేపూ నిటారుగా నిలబడే ఉన్నారు. ఆ మిలట్రీ హిందీ నేను చిన్నప్పుడు సెలవుల్లో విన్నది. దరఖాస్తు పక్కన పడేసి ఊరుకోకుండా ఫోన్ చేసి అడిగినందుకు, మా నాన్నతో అంత మర్యాదగా మాట్లాడినందుకు, ఏ ఊరివాడివో బాబూ, నీకు మా ఇంటిల్లిపాదీ ఋణపడి ఉంటాం.

రికార్డ్ ఆఫీసు సరిచేసి పంపాక, మిలట్రీ పెన్షన్లు మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్ పీసీడీఏ ఆఫీసు నుంచి కొరిజెండం పీపీఓ, అంటే తప్పు దిద్దిన పీపీఓ వచ్చింది. అమ్మ పేరు కూడా అందులో ఉంది. లైఫ్ సర్టిఫికెట్ పడింది. పతకం మీద పేరు అలాగే ఉంటుంది, దాన్ని మార్చమని నాన్న కూడా అడగలేదు.

మన జిల్లాలో మిలట్రీ ఇళ్లున్న పల్లెలు చాలానే ఉన్నాయి. దయచేసి మీ ఇళ్లలో డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి పేరు, భార్య పేరు, పుట్టిన తేదీలు. తేడా ఉంటే సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సొంత రికార్డ్ ఆఫీసుకే రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం)కి సికింద్రాబాద్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు బెంగళూరు, ఇలా ఎవరిది వాళ్లకుంటుంది. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్కు పోస్టులో పంపేయకండి, ఎవరైనా అడిగితే ముందు ఎందుకో కనుక్కోండి.

సుబేదార్ గారు రాసిన దరఖాస్తు నకలు మా దగ్గరుంది. మా వైపు వాళ్లెవరికైనా కావాలంటే ఇంటికి రండి, జిరాక్స్ తీయించి ఇస్తాను. పొద్దున్న పూట వస్తే నాన్న కూడా ఉంటారు, మీ కాగితాలు ఆయనే చూసి పెడతారు.